గోడకెక్కిన వ్యాసం

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా మా ఆయన కంపెనీ కాంట్రాక్టులో ఒక కొత్త వాక్యం చేరింది. సీనియర్ ఇంజనీర్ల పిల్లల చదువు ఖర్చులో పెద్ద వాటా ఇకమీదట కంపెనీయే పెట్టుకుంటుందట. అప్పటిదాకా ఇక్కడ ఒమాన్‌లో, వాడి కబీర్ అనే పేటలో మేముండే ఫ్లాటుకి దగ్గర్లోని ఇండియన్ స్కూలు మాకు చాలా మంచి బడి. ఆ కాగితం ఇంటికొచ్చిన సాయంత్రం నుంచి అది మామూలు బడి అయిపోయింది.

"ఈ బళ్ళో క్లాసుకి ఎంతమందే?" అన్నారు మా ఆయన. తొమ్మిదేళ్ళుగా ఫీజు కడుతూ ఏనాడూ అడగని ప్రశ్న అది.

"నలభై రెండు."

"నలభై రెండా! ఇంకేం చెబుతారు పాపం టీచర్లు మాత్రం!"

ఆయన మేనేజరు పిల్లలు చదివే బడి ఒకటుంది. ఊరికి కాస్త దూరంగా, కొండల వైపు. కేజీ నుంచి పన్నెండు దాకా ఉన్నా, ఆ బడికి పేరంతా పై తరగతుల వల్లే. పిల్లల్ని విదేశాల్లో యూనివర్సిటీలకు తయారుచేయడం వాళ్ళ పని. చేరేముందు కుటుంబం అంతా వచ్చి క్యాంపస్ చూసుకోవచ్చు. అందుకు వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపాలి. పేరు, పుట్టిన తేదీ సులువుగానే అయిపోయాయి. తర్వాత, మీ బిడ్డకు ప్రాణమైన విషయం ఏమిటి అని ఒక గడి ఉంది. మా అమ్మాయికి ప్రాణమైన విషయం శుక్రవారం సెలవునాడు మధ్యాహ్నం దాకా నిద్రపోవడం. నేను గణితం, కూచిపూడి అని రాశాను. కూచిపూడి ఏడో ఏట ఆరు నెలలు నేర్చుకుంది.

పిల్లను చేర్చే ముందు బడిని చూపిస్తారన్న సంగతే నాకు కొత్త. మా నాన్న నన్ను ఇంటర్‌లో చేర్చడానికి తెనాలి నుంచి విజయవాడ తీసుకెళ్ళినప్పుడు ఆ కాలేజీలో మేము చూసింది ఆఫీసు గది ఒక్కటే. గోడనిండా ర్యాంకులు వచ్చినవాళ్ళ ఫోటోలు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క ఫోటో ముందూ ఆగి, కింద రాసిన అంకె చదివి, చివరికి "బావుంది" అన్నాడు. అంతే. హాస్టల్లో కిటికీలు తెరుచుకోవని నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

మాకిచ్చిన రోజు మంగళవారం. ఆ రోజు అమ్మాయికి కెమిస్ట్రీ యూనిట్ టెస్టు. జ్వరం వచ్చినా బడి మానిపించని తల్లిని నేను. అలాంటిదాన్ని, లేని జ్వరం పేరు చెప్పి స్వహస్తాలతో సెలవు చీటీ రాసిచ్చాను. కింద సంతకం పెడుతుంటే అమ్మాయి నా భుజం మీంచి తొంగిచూసి, "టెంపరేచర్ ఎంతో కూడా రాయి అమ్మా, నమ్ముతారు," అంది.

గేటు దగ్గర మమ్మల్ని దింపి మా ఆయన కారు పెట్టడానికి వెళ్ళారు. అమ్మాయి జీన్స్‌లో, చేతిలో ఫోనుతో ముందు నడుస్తోంది. వెనకాల నేను. కాటన్ చుడీదార్, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో సంచీ. సంచీలో రెండు నీళ్ళ సీసాలు, ఆలస్యమైతే ఉంటుందని పెరుగన్నం డబ్బా, అమ్మాయి సర్టిఫికెట్లు. సెక్యూరిటీ అతను అమ్మాయిని చూసి నవ్వి, పేరు సరిచూసుకుని, బట్టలకు అంటించుకునే చీటీ ఒకటి ఇచ్చి లోపలికి పంపాడు. నన్ను చూసి అంతే మర్యాదగా పక్క గేటు చూపించాడు. "ఉధర్, సిస్టర్."

తల్లిదండ్రులకు వేరే దారి కాబోలు అనుకున్నాను. "నువ్వు లోపల నిలబడవే, నేను అటునుంచి వస్తా," అని అమ్మాయికి కేకేసి పక్క గేటులోంచి వెళ్ళాను. అక్కడ రేకుల నీడ, నీడ కింద పొడుగాటి బెంచీ. దాని మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు గొడుగులూ సంచీలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇద్దరు, శ్రీలంక ఆమె ఒకరు. చివర కూర్చున్న ఆమె నా కేక విన్నట్టుంది, మొహం విప్పార్చుకుని పక్కకి జరిగింది.

"తెలుగోళ్ళా అక్కా? నేనూ తెలుగే. కడప పక్కన మాది. రా, కూర్చో. యా ఇంట్లో చేచ్చాండావు?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆ గేటు ఎవరిదో. పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే పనివాళ్ళది. నా గొడుగూ సంచీ చూసి అతను నన్ను మా అమ్మాయి ఆయా అనుకున్నాడు. కడపామె కూడా అంతే.

నాకు తెలుగు రానట్టే జవాబిచ్చాను. ఇంగ్లీషులో. "ఐ యామ్ ద పేరెంట్. వి హావ్ కమ్ ఫర్ అడ్మిషన్."

ఆమె చప్పున లేచి నిలబడింది. "తప్పయిపాయ మేడమ్. ఏమనుకోవద్దండి."

ఆ 'మేడమ్' వినగానే నాకు ఊరటగా అనిపించింది. ఇది రాయకుండా దాటేయొచ్చు, ఎవరూ అడగరు. కానీ ఊరట కలిగిన మాట నిజం. నేను బెంచీ మీద కూర్చోలేదు. ఆమె కూడా నేనున్నంతసేపూ మళ్ళీ కూర్చోలేదు. మా ఆయన వచ్చి, "ఇక్కడ నిలబడ్డావేంటి?" అంటే, "ఎండగా ఉందని," అన్నాను.

లోపల మాకు బడి చూపించిన ఆవిడ అడ్మిషన్లూ చూస్తుంది, యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టించే కౌన్సెలింగూ చూస్తుంది. ఏ దేశపు మనిషో చివరిదాకా మాకు తెలియలేదు. మెత్తటి గొంతు. మావైపు తిరిగి మాట్లాడుతూ వెనక్కి నడిచేది. మెట్లొచ్చినా, తలుపొచ్చినా వెనక్కి చూడకుండానే దాటేది. మాతోపాటు ఇంకో కుటుంబం కూడా ఉంది. ఒమానీ దంపతులు, వాళ్ళబ్బాయి. ఆ తల్లి నల్లటి పొడుగాటి అబాయాలో, నా వయసే ఉంటుంది. భర్త ఫోన్లో ఉన్నాడు, కొడుకు తండ్రి వెనకాల ఉన్నాడు, ఆమె ఒక్కతే నాలాగే అన్నీ శ్రద్ధగా చూస్తోంది.

మొదట లైబ్రరీ. పుస్తకాలు తక్కువ, దిండ్లు ఎక్కువ. కప్పు నుంచి ఉయ్యాల కుర్చీలు వేలాడుతున్నాయి. తర్వాత 'వెల్‌నెస్ గది' అన్నారు. మనసు బాగాలేని పిల్లలు అక్కడికొచ్చి పడుకోవచ్చట. మేము చూసేసరికి నలుగురు నిద్రపోతున్నారు. అప్పటిదాకా మొహం ముడుచుకున్న మా అమ్మాయి ఆ గది ముందు ఆగి, తలుపు మీద రాసిన వేళలు చదవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒక గోడ. రంగుకాగితాలు అంటించి ఉన్నాయి. పిల్లలు తాము దేంట్లో విఫలమయ్యారో రాసి అక్కడ పెడతారట. ఒకరు ఈతలో ఆఖరున వచ్చారు, ఒకరు ఫిజిక్సు పరీక్ష తప్పారు. "ఓటమిని మేము పండగ చేసుకుంటాం," అందావిడ.

మా ఆయన నా చెవిలో, "ఫెయిలైన వాళ్ళని గోడకెక్కించారేంటే?" అన్నారు.

"గట్టిగా అనకండి."

ఒమానీ తల్లి చెయ్యెత్తింది. "మ్యాథమెటిక్స్ ఎక్కడ?"

"గణితమా?" ఆవిడ చిరునవ్వు నవ్వింది. "అది ఇక్కడ అన్నిచోట్లా ఉంది."

ఒమానీ తల్లి నావైపు వంగి హిందీలో మెల్లగా అంది. "ఇస్కా మత్‌లబ్, కహీ నహీ హై." ఎక్కడా లేదన్నమాట అని. ఆ క్షణం నుంచి మేమిద్దరం పక్కపక్కనే నడిచాం.

పై అంతస్తులో ఒక వసారా. విదేశాల్లో పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో సీట్లు తెచ్చుకున్న పిల్లలు దరఖాస్తుతోపాటు పంపిన వ్యాసాలను అక్కడ ఫ్రేములు కట్టి వేలాడదీశారు. ర్యాంకుల అంకెలు లేవు, ఫోటోలు లేవు. అయినా మా నాన్నలాగే చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చదువుతూ నడిచాను. నాలుగో ఫ్రేము దగ్గర ఆగిపోయాను.

ఆ వ్యాసం పేరు 'నన్ను పెంచిన చేతులు'. రాసింది ఒక అమ్మాయి, తనను పెంచిన ఆయా గురించి. దక్షిణ భారతంలో కడప అనే ఎండిన ఊరి నుంచి, రెండేళ్ళ కొడుకుని వదిలేసి ఆమె మా ఇంటికి వచ్చింది అని మొదలవుతుంది. ఆ పిల్లవాడికి పాడాల్సిన జోల నాకు పాడింది. వంటగదిలో వాడి ఫోటో చూసుకుని దాక్కుని ఏడ్చేది. ఆమె గరుకు చేతులు నా జుట్టు దువ్వుతుంటే, ఆ చేతులు ఇంకెవరివో అని నాకు తెలిసేది. నేను వాడి దగ్గర దొంగిలించిన బాల్యంతో పెరిగాను.

చివరి వాక్యం దగ్గర నాకు కళ్ళు తడిశాయి. పక్కన ఒమానీ తల్లి కూడా ముక్కు తుడుచుకుంటోంది. మాకు బడి చూపిస్తున్నావిడ అక్కడ ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఈ ఫ్రేము దగ్గర రెండు నిమిషాలు ఆగడం ఆవిడకు అలవాటులా ఉంది.

"ఈ అమ్మాయికి చాలా గొప్ప చోట సీటొచ్చింది," అంది తర్వాత. "కష్టం అంటే ఏమిటో తెలిసిన పిల్లల కోసం యూనివర్సిటీలు చూస్తాయి." మా అమ్మాయి వైపు తిరిగింది. "నీ జీవితంలో నువ్వు ఎదుర్కొన్న కష్టం ఏమిటి?"

అమ్మాయి ఆలోచించింది. "ఈ రోజు కెమిస్ట్రీ టెస్టు ఉండింది. ఇక్కడికి వచ్చాను."

ఆవిడ తలపంకించి దాన్ని కూడా రాసుకుంది.

చివర పిల్లలిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఇదే ప్రశ్నకి జవాబు రాయమన్నారు. పెద్దవాళ్ళకి కాఫీ ఇచ్చారు. మా ఆయన ఆఫీసు గదిలో కంపెనీ కాగితాలు చూపిస్తున్నారు. నాకు కాఫీ సయించలేదు. కడప పక్కన మాది అన్న మాట తిరిగి తిరిగి చెవిలో పడుతోంది. ఈ బడికి కడప నుంచి వచ్చిన ఆయాలు ఎంతమంది ఉంటారు? లేచి, మెట్లు దిగి, ఈసారి నేనే వెతుక్కుంటూ ఆ పక్క గేటు దగ్గరికి వెళ్ళాను.

ఆమె నన్ను చూసి మళ్ళీ లేవబోయింది. నేను గబగబా ఆమె పక్కన కూర్చున్నాను.

"నాది తెనాలి," అన్నాను. "ఇందాక... అలా అన్నాను. ఏమీ అనుకోకండి."

"అనుకునేదేముండాది మేడమ్," అంది. మొహంలో ఏ మార్పూ లేదు.

ఎన్నేళ్ళయింది వచ్చి అని అడిగాను. తొమ్మిదేళ్ళట. అంతా ఒకే ఇల్లు, ఉత్తరాది వ్యాపారస్తులది. పెద్ద పాపను ఈ బళ్ళోనే చదివించి పై దేశం పంపారు, చిన్నోడు ఇప్పుడు కేజీలో ఉన్నాడు. డ్రైవరు తనను పదింటికే ఇక్కడ దింపి మేడమ్ పనుల మీద వెళ్తాడు. పిల్లాణ్ణి పన్నెండున్నరకి వదులుతారు. అప్పటిదాకా ఈ బెంచీ.

"ఆ పెద్ద పాప మీ మీద వ్యాసం రాసిందా?"

ఆమె మొహం వెలిగింది. "రాసింది. పైన అద్దం కట్టి పెట్టినారంట. నన్ను లోపలికి రానీరు గదా, చూళ్ళేదు. పంపేముందు ఆ పాప నాకు చదివి వినిపించింది, ఇంగిలీసులో. చదువుతా చదువుతా ఏడ్చె. పాప ఏడుచ్చాంటే నాకూ ఏడుపొచ్చె. ఏమి రాసిందో మాత్రం తెలీదు. నువ్వు చదివినావా?"

మేడమ్ పోయి నువ్వు వచ్చింది. నేను ఫోన్లో ఫ్రేము ఫోటో తీసుకుని ఉన్నాను. బెంచీ మీద కూర్చుని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను. మొదటి వాక్యానికే ఆమె నన్ను ఆపింది.

"కొడుకా?"

"రెండేళ్ళ కొడుకు."

"నాకు కొడుకెక్కడుండాడక్కా? ఇద్దరూ ఆడబిడ్డలే! పెద్దది తిరుపతిలో నర్సింగు చదువుతాండాది, చిన్నది ఇంటరు. నేను వచ్చేనాటికి చిన్నదానికి ఎనిమిదేండ్లు." పకపకా నవ్వింది. పక్కనున్న శ్రీలంక ఆమెకు హిందీలో చెప్పింది, తనకొక కొడుకు పుట్టాడని. బెంచీ అంతా నవ్వింది. "ఇంగ చెప్పు, ఇంగేమి చేసినా నేను?"

"వంటగదిలో ఫోటో చూసుకుని ఏడ్చేదానివట."

"నేనా? నేను ఏడిచే మనిషినా? ఫోన్ చేసి అరుచ్చాంటి, సరిగ్గా చదవకపోతే కాళ్ళిరగ్గొడతానని."

"జోల పాడేదానివట."

"నాకు పాటే రాదు. టీవీ పెట్టి పండుకోబెడతాంటి."

"చేతులు గరుకుగా ఉంటాయని రాసింది."

ఆమె నవ్వాపి రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. "అది నిజమే లే," అంది. "దీనికేనా పాపకు సీటొచ్చింది?"

"దీనికే అన్నారు."

"అయితే సరే అక్కా. కొడుకుంటే సీటొచ్చాదంటే ఉండనీ."

నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆమె విషయం ఆమే తేల్చేసింది. కానీ గంటన్నర ముందు ఆ బెంచీ మీద కూర్చోవడానికి నామోషీ పడిన మనిషికి ఇప్పుడు ఆమె తరఫున న్యాయం అడగాలన్న ఆవేశం వచ్చింది. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, గొడుగు అక్కడే మర్చిపోయి, నేరుగా పైకి వెళ్ళి అడ్మిషన్ల ఆవిడ ఎదుట నిలబడ్డాను.

"ఆ నాలుగో వ్యాసంలో ఉన్నది నిజం కాదు. ఆమెకు కొడుకు లేడు. ఇద్దరు కూతుళ్ళు. ఆమె కింద బెంచీ మీదే ఉంది, అడగండి."

ఆవిడ తల ఒక పక్కకు వంచి విన్నది. "విద్యార్థి తన సత్యాన్ని తాను రాసుకుంటుంది," అంది మెత్తగా.

"ఆమెకు లేని కొడుకు ఈ అమ్మాయి సత్యంలోకి ఎలా వస్తాడండీ?"

"మీ అభిప్రాయం మాకు చాలా విలువైంది." కెమిస్ట్రీ టెస్టు రాసుకున్న పుస్తకంలోనే దీన్నీ రాసుకుంది. మా ఆయన వెనకనుంచి నా చుడీదార్ చున్నీ లాగుతున్నారు. ఒమానీ తల్లి మాత్రం నన్ను చూసి తల ఊపింది. అప్పుడే గదిలోంచి బయటికొచ్చిన మా అమ్మాయి, మొదటిసారి చూస్తున్నట్టు నావైపు చూసింది.

కార్లో రువి బజారు దాటాక మా ఆయన అన్నారు. "సీటు అడగడానికి వెళ్ళి వాళ్ళ మీద ఫిర్యాదు చేసొచ్చాం. బావుంది."

కడపామెకు వ్యాసం చదివి వినిపించిన సంగతి చెప్పి, "నువ్వేం రాశావే?" అని అమ్మాయిని అడిగాను.

"నాకు కష్టాలేం లేవని రాశా."

"అంతేనా? పేజీ మొత్తానికి?"

"నీ ఉప్మా గురించి రాద్దామనుకున్నా. మానేసిందే మంచిదైంది, లేకపోతే ఎవరైనా వచ్చి నీకు చదివి వినిపించేవాళ్ళు."

పదిరోజుల తర్వాత కడపామె ఫోన్ చేసింది. పలకరింపులు కూడా లేవు.

"అక్కా, ఆ బళ్ళో నువ్వేమన్నా చెప్పినావా?"

చెప్పానన్నాను. బడి వాళ్ళు ఆమె మేడమ్‌కి ఉత్తరం రాశారట. వ్యాసంలో పొరపాట్లున్నాయని ఒక సందర్శకురాలు తెలిపారు, మీరు పరిశీలించగలరు అని. మేడమ్ ఈమెను పిలిచి అడిగింది. ఈమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"కోప్పడిందా?" అన్నాను.

"కోప్పడింటే బాగుండు. ఏమీ అనలా. సిగ్గుపడినట్టుండాది పాపం. 'నువ్వు ఇంగ ఎండలో బడికాడికి పోవద్దులే, చిన్నోన్ని డ్రైవరే తెచ్చాడు' అనె. నా మంచికే అన్నట్టు చెప్పె."

నేను పొయ్యి కట్టేసి, ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆ బెంచీ కాడ రెండున్నర గంట కూర్చుంటాంటి అక్కా. ఒకరి కట్టం ఒకరు చెప్పుకుంటాంటిమి. ఒకరింట్లో చేసింది ఒకరం తింటాంటిమి. మిగతా పొద్దంతా ఇంట్లో మాట్లాడే మనిషుండరు నాకు. పోనీలే. నువ్వు మంచికే జేసినావు."

ఆమె నన్ను తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. మంచికే చేశావు అన్నాక చెప్పుకోవడానికి ఏముంటుంది? ఫోన్ పెట్టేసి పొయ్యి మళ్ళీ వెలిగించాను. ఆ రోజు నేను పైకి ఎక్కి వెళ్ళింది ఆమె కోసం కాదు. బెంచీ దగ్గర ఇంగ్లీషులో చెప్పిన జవాబుని ఇంకో ఇంగ్లీషు వాక్యంతో తుడుచుకోవడానికి వెళ్ళాను. తుడుచుకున్నది నేను, బెంచీ పోయింది ఆమెకి.

ఆ నెలాఖరుకి బడి నుంచి ఉత్తరం వచ్చింది. మా కుటుంబం చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు, నిజాయితీకి అభినందనలు, అమ్మాయి పేరు వెయిటింగ్ లిస్టులో ఉంచాం అని. ఆ లిస్టులోంచి మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మా ఆయన ఆఫీసులోనూ, తెనాలి వాళ్ళతోనూ చెప్పింది వేరు. "చూశాం అండీ. లెక్కలు సరిగ్గా చెప్పట్లేదు. వద్దన్నాం." రెండు మూడుసార్లు చెప్పాక ఆయనే నమ్మారు. అమ్మాయి పాత బడిలోనే పదకొండులో చేరింది. నేను గణితం అని రాసిన అమ్మాయి కామర్స్ తీసుకుంది. వాళ్ళ నాన్న రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు, మూడో రోజు మాట్లాడారు.

కడపామెకి నేనే పదేపదే ఫోన్ చేశాను. శుక్రవారం సెలవు అడుగు, మా ఇంటికి రా అని. మొదట్లో వస్తాలే అనేది, వచ్చేది కాదు. చివరికి ఒక శుక్రవారం వాళ్ళ డ్రైవరు వాడి కబీర్ వైపు పనుంటే దింపి వెళ్ళాడు. వచ్చీరాగానే వంటగదిలోకి నడిచి, మా ఇంట్లో బొరుగులు, అదే మరమరాలు, ఉన్నాయేమో చూసి, వాటిని నానబెట్టి ఉగ్గాని మొదలుపెట్టింది. నా పచ్చిమిరపకాయలు కొరికి చూసి, "ఇవి మిరక్కాయలా అక్కా, బెండకాయలా?" అంది. మా అమ్మాయి స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. నేను ఎన్ని చెప్పినా వంటింట్లోకి రాని పిల్ల.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. వీడియో కాల్. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోను ఉప్పు డబ్బాకి ఆనించింది. తెర మీద మందపాటి కోటు వేసుకున్న ఒక అమ్మాయి. వెనకాల మబ్బు పట్టిన వీధి.

"తింటివా పాపా?" అంది ఆమె.

"తింటి. నువ్వు తింటివా?" అంది ఆ అమ్మాయి. అచ్చం కడప యాసలో. "యాడుండావు? ఇది మన ఇల్లు కాదే."

నేను కత్తిపీట దగ్గర ఆగిపోయాను. మా అమ్మాయి నోరు తెరిచింది. దాని తెలుగు నాలుగు వాక్యాలు దాటితే ఇంగ్లీషులోకి జారిపోతుంది. ఉత్తరాది షావుకార్ల పిల్ల ఎక్కడో చలిదేశంలో వీధిలో నిలబడి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఆ వ్యాసంలో ఈ ముక్క ఒక్క వాక్యం కూడా లేదు.

"మా అక్క ఇంట్లో ఉండా."

"యా అక్క?" ఆ అమ్మాయి ఆగింది. "ఆ అక్కనా? బళ్ళో చెప్పినామె?"

"ఆయమ్మే. మాట్లాడుతావా?"

ఫోను నావైపు తిరిగింది. ఆ పిల్లను అడగడానికి నేను ఎన్ని రోజులుగా మాటలు సిద్ధం చేసుకున్నానో! ఆ అమ్మాయే ముందు మాట్లాడింది.

"నమస్తే ఆంటీ. ఆ ఎస్సే ఎవరూ చెప్పి రాయించలా. నేనే రాసినా. ఈమె బిడ్డలు పెద్దోళ్ళయినారు, బాగా చదువుతాండారు అని రాస్తే ఎవరూ చదవరేమో అనుకున్యా. మమ్మీ నాకు ఫోన్ చేసినప్పుడు బో సిగ్గేసింది."

పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ముక్కు ఎర్రగా అయిపోయి ఉంది.

"ఏం చదువుతున్నావమ్మా?" అన్నాను.

"ఎకనామిక్స్."

"చలిగా ఉందా అక్కడ?"

"బో చలి ఆంటీ."

ఆ మాట వినగానే ఆమె గరిటె పక్కన పెట్టి, నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఇంత చలిలో టోపీ పెట్టుకోకుండా బయట ఎందుకు నిలబడ్డావని ఆ పిల్లను గుక్కతిప్పుకోకుండా తిట్టడం మొదలుపెట్టింది. ఉగ్గాని సంగతి మా అమ్మాయి చూసుకుంది.